చీకట్లో అడిగిన ప్రశ్న

కిందటి వారం మనం సుభాషిణిని వానలో, ఆటోలో, పాండేసర దారి మీద వదిలేసి వచ్చాం. ఒళ్లో ఘారీ మిఠాయి డబ్బా, పక్కన శిష్యురాలు సంతోషి. డబ్బా తండ్రి కోసం, శిష్యురాలు ధైర్యం కోసం. కన్నతండ్రి ఇంటికి పోవడానికి ధైర్యమెందుకని అడిగేవాళ్లు ఈ కథలోకి ఇప్పుడే వచ్చారన్నమాట. రండి, కూచోండి, నాలుగు ముక్కల్లో చెబుతాను.

సుభాషిణి కతర్‌గామ్ వైపు ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. చాలా ఏళ్లు అందరిలాగే చెప్పింది. సంచిలో ఎర్ర గోళీలు, నల్ల గోళీలు, పాచికలు, బొమ్మా బొరుసూ. పిల్లలు సూత్రాలు బట్టీపట్టి పాసయ్యేవాళ్లు, పరీక్ష హాలు గుమ్మం దాటేలోపు మరిచిపోయేవాళ్లు. పెద్దయ్యాక ఏ మనిషైనా సంచిలో చెయ్యిపెట్టి గోళీలు తీస్తాడా అని ఆమెకే విసుగు పుట్టి, ఈ ఏడు పుస్తకం పక్కన పెట్టేసింది. మీ గల్లీల్లోకి పోండి, మీకు నిజంగా తెలుసుకోవాలనిపించేది ఏదో ఒకటి అడగండి, ఆ జవాబులతోనే పాఠం చెప్పుకుందాం అంది. స్టాఫ్‌రూములో నవ్వేవాళ్లు నవ్వారు. డిపార్ట్‌మెంటు హెడ్ భాగీరథి బెన్ మాత్రం, కానివ్వు చూద్దాం అంది.

సంతోషి తండ్రి లింగం సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తాడు. అందుకే ఆ పిల్ల ఎంచుకున్న ప్రశ్న సాంచాల మోతకు చెవులు పాడవుతాయా అని. ఏటా చెవి పరీక్షల క్యాంపు పెట్టించమని పనివాళ్లు కారఖానా యజమానుల సంఘాన్ని ఎప్పటినుంచో అడుగుతున్నారు. సంతోషి, ఆమె స్నేహితులు కలిసి, సిరిసిల్ల వైపునుంచి వలసొచ్చిన పనివాళ్లుండే తెలుగు గల్లీలన్నీ తిరిగారు. నూటికి తొంభై మందికి పైగా మంచిగనే వినపడుతుందని చెప్పారు. ఈ సంగతి యజమానుల సంఘానికి తెలిసింది. క్యాంపు ఖర్చు తప్పిందని వాళ్లు ఎగిరి గంతేశారు. సోమవారం మీటింగులో సంతోషే స్వయంగా ఆ లెక్కలు వివరించాలట, దాన్నిబట్టి క్యాంపు మాట తేల్చేస్తారట, పిల్ల చక్కగా మాట్లాడితే అహ్మదాబాద్‌లో పైచదువు సంగతి వాళ్ల ట్రస్టు చూసుకుంటుందట.

ఇక తండ్రి రాజమల్లు. సాంచా నడిపి కూతుర్ని చదివించిన మనిషి. ఆమె ఎమ్మెస్సీలో చేరే ముందు సిరిసిల్ల దగ్గరి మేనబావతో సంబంధం ఖాయం చేసుకొస్తే, సుభాషిణి కాదంది. ఇంట్లో పెద్ద రభస జరిగింది. ఆ తరవాత ఆమె ఉద్యోగం చూసుకుని అమ్రోలిలో ఇల్లు తీసుకుంది. అప్పటినుంచి ఎప్పుడు ఫోను చేసినా ఆయన మాట ఒక్కటే. "ఆఁ, మంచిగనే. ఇగో, మీ అవ్వతోని మాట్లాడు." కోపం చల్లారలేదని సుభాషిణి అనుకుంది. అనుకుని అనుకుని, నడివయసుకు వచ్చేసరికి దానికి అలవాటు పడిపోయింది. ఈ సోమవారం ఆయన్ని ముందు వరసలో కూచోబెట్టి, చూడు బాపూ, నేను చదివిన చదువు నీ గల్లీకే తిరిగొచ్చింది అని చూపించాలని ఆమె ఆశ. అదీ మిఠాయి డబ్బా కథ.

ఆటో దిగి, కారఖానాల సందులో నీళ్లు దాటుకుంటూ ఇద్దరూ రాజమల్లు గది ముందు నిలబడ్డారు. ఆదివారమైనా సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. గోడకవతల కారఖానా, గోడకివతల కాపురం. ఆ మోతలో తలుపు కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే. సుభాషిణి తలుపు తోసింది.

రాజమల్లు పొద్దటి పాళీ, అంటే షిఫ్టు, ముగించుకుని మంచం మీద కూచుని ఉన్నాడు. ట్యూబులైటు వెలుతుర్లో కూతురి మొహం చూడగానే ఆయన మొహం విప్పారింది.

"వచ్చినవా బిడ్డా! మొత్తం తడిసినవ్ గదనే. జర తువాల తీస్కో."

"బాగున్నవా బాపూ?"

"ఆఁ, మంచిగనే. గీ పిల్ల మన లింగం బిడ్డ గాదు?"

"నేనే తాతా, సంతోషిని" అని సంతోషి దగ్గరికొచ్చి పెద్దగా నవ్వింది. "యాదుందా? నేను మీ దగ్గరికొచ్చి చెవులు ఎట్లున్నయని అడిగిన గదా."

"ఎందుకు యాదుండది? మంచిగ అడిగినవ్."

తల్లి స్వరాజ్యం మూలన స్టవ్ దగ్గర చాయ్ పెడుతోంది. వాన జల్లు లోపలికి కొడుతోందని లేచొచ్చి తలుపు దగ్గరికి వేసింది. సుభాషిణి మంచం అంచున కూచుని, మీటింగు సంగతి, ముందు వరసలో కుర్చీ సంగతి చెప్పింది. ఆయన ఆమె మొహంలోకే చూస్తూ శ్రద్ధగా విన్నాడు. "నేనెందుకు బిడ్డా గంత పెద్దోళ్లల్ల?" అని సిగ్గుపడ్డాడు. ఇంత మాట్లాడటమే ఆమెకు ఎంతో అనిపించింది. ఈ రోజు మంచి రోజే అనుకుంది.

అప్పుడే లైట్ పోయింది.

ట్యూబు ఆరిపోవడంతోపాటు గోడకవతల సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ గల్లీలో పుట్టి పెరిగినవాళ్లకు మోత అలవాటు. అది ఆగిపోతేనే చెవుల్లో ఏదో వెలితి. గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క గాలిరంధ్రానికి వానకని చెక్క అడ్డం పెట్టారు. స్టవ్ మీద నీలిమంట తప్ప ఎవరి మొహం ఎవరికీ కనపడటం లేదు.

మనుషులకు చీకట్లో ధైర్యం వస్తుంది. ఎదుటి మొహం కనపడకపోతే అడగలేనిది కూడా అడిగేస్తాం. సుభాషిణికీ అంతే అయింది. ఇన్నేళ్లుగా గొంతులో ఇరుక్కున్న మాట బయటికొచ్చింది.

"బాపూ, నా మీద ఇంకా కోపమేనా?"

జవాబు లేదు.

"సంబంధం కాదన్నందుకే గదా. అప్పుడు నాకు చదువు తప్ప ఇంకోటి కనవడలే. మామ ముంగట నీకు తలవంపులైందని ఎర్కే నాకు. తప్పైందంటె తప్పైందనే అంటున్న."

మంచం కిర్రుమంది.

"తిట్టేదుంటె తిట్టు బాపూ. ఒక దెబ్బ గూడ కొట్టు. గిట్ల ఊకుండుడే నాతోని అయితలేదు. ఫోన్ చేస్తె అవ్వకిస్తవ్. ఇంటికొస్తె చాయ్ తాగినవా అంటవ్. ఇంకెన్నేండ్లు?"

ఆ మాటతో ఏడుపొచ్చేసింది. పక్కన సంతోషి గోడకు జరిగి నిలబడింది. గురువుగారి ఏడుపు వినాల్సి వస్తుందని ఆ పిల్ల అనుకోలేదు. రాజమల్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఇంత రాయి గుండె ఉంటుందా అనుకుంది సుభాషిణి. అడక్కపోయినా బాగుండేది. అడగనంత కాలం, అడిగితే కరుగుతాడేమోనన్న ఆశయినా ఉండేది.

స్వరాజ్యం లేచి వచ్చి తలుపు బార్లా తీసింది. వాన వెలుతురు గదిలో పడింది.

రాజమల్లు కూతురి వైపు చూసి చల్లగా నవ్వాడు. "గీ లైటొకటి, ఎప్పుడువడితె అప్పుడు పోతది. చాయ్ తాగినవా బిడ్డా?"

సుభాషిణికి ఒళ్లు మండిపోయింది. "నేనింతసేపు ఏడ్సుకుంట అడుగుతుంటె చాయ్ సంగతి మాట్లాడుతున్నవా? ఒక్క మాటకన్న జవాబియ్యవా?"

ఆయన ఆమె పెదవులకేసి చూశాడు. కళ్లల్లో బెదురు కనిపించింది. "ఎప్పుడడిగినవ్?" అన్నాడు. తరవాత తప్పు దొరికిపోయిన పిల్లాడిలా భార్య వైపు తిరిగాడు.

స్వరాజ్యం కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. దాచి దాచి ఆమె కూడా అలిసిపోయినట్టుంది.

"చీకట్ల అడిగితె ఆయనకెట్ల ఎర్కైతది బిడ్డా?" అంది.

సుభాషిణికి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూచున్నచోట కూచోలేకపోయింది.

"ఇనవడదా?"

"ఎన్నేండ్లాయెనో. మొదలు ఎడమ చెవు, తర్వాత రెండోది. నీ మొకం చూసి, నువ్వు పెదవులు కదిపేదాన్నివట్టి అంటడు జవాబు. నేను పిలవాల్నంటె ముంగటికొస్త, లేకుంటె భుజం ముడుతా. కరోనా అప్పుడు మీరంత మూతులకు గుడ్డలు కట్టుకొని వస్తిరి గద, ఆయనకు దునియా మొత్తం బందైంది. బుగులువట్టి మాట్లాడ్తలేడని నువ్వన్నవ్. నేను గమ్మునున్న."

"ఫోన్ల..."

"ఫోన్ల పెదవులు కనవడ్తయా? నువ్వేమన్నవో ఎర్కగాక, మంచిగనే అని నాకిస్తడు."

ఇది సుభాషిణికి తెలియని విద్య కాదు. చిన్నప్పుడు మధ్యాహ్నం సద్ది పట్టుకుని కారఖానాలోకి వెళ్లేది. ఆ మోతలో అరిచినా ఎవరికీ వినపడదు కాబట్టి సాంచా మనుషులు అరవరు. పెదవులు కదుపుతారు, చేతులు ఊపుతారు. నాలుగు సాంచాల అవతల తండ్రి ఉంటే, ఇవతలినుంచి సద్దిలో కూరేమిటో చప్పుడు లేకుండా చెప్పేది. ఆయన నవ్వి, మిరపకాయ కూడా ఉందా అని చప్పుడు లేకుండానే అడిగేవాడు. అదొక ఆటగా ఉండేది వాళ్లిద్దరికీ. ఆ గల్లీలో ప్రతి ఇంట్లో ఉన్న విద్యే అది. దానివల్లే అక్కడ చెవులు పోయినా ఎవరికీ తెలియదు, చాలాకాలం పోగొట్టుకున్నవాడికే తెలియదు. ఇంత తెలిసీ, ఇంత చదివీ, కన్నతండ్రి మౌనాన్ని ఆమె కోపం కింద రాసేసుకుంది. ఒక్కసారైనా వెనకనుంచి బాపూ అని పిలిచి చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తనమీద తనకే అసహ్యం వేస్తుంది.

ఆమె తండ్రి ఎదురుగా, వెలుతుర్లో, కింద కూచుంది. మొహం ఎత్తి, అదే ప్రశ్న మళ్లీ అడిగింది.

"నా మీద కోపమా బాపూ?"

"కోపమా?" రాజమల్లు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎందుకు బిడ్డా? గా సంబంధం సంగతా? గది నేనెప్పుడో మరిచిన. నీకే నా మీద కోపమనుకున్న. ఇంటికొస్తె జెర్రసేపు కూసోని పోతవ్. పెద్ద సదువులైనయి, ఈ సాంచా ముసలోనితోని ఏం మాట్లాడతదిలే అనుకున్న."

ఎన్ని పండుగలు, ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్కెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. పోయినవి పోయాయి, ఏ లెక్కా వాటిని వెనక్కి తేదు. సుభాషిణి తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన తల నిమురుతూ, "ఊకో బిడ్డా, ఊకో" అంటూ ఉన్నాడు. ఆమె ఏమంటోందో ఆయనకు తెలియదు. మొహం కనపడటం లేదు కదా.

మనం ఇక్కడ సంతోషిని మరిచిపోయాం. ఆ పిల్ల మాత్రం దేన్నీ మరవలేదు. గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, వేళ్లు నలుపుకుంటోంది. చురుకైన పిల్ల. క్లాసులో సుభాషిణి ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తే రకం.

"మేడమ్" అంది మెల్లగా. "నేను తాతను అడిగినప్పుడు, మంచిగనే ఇనవడ్తది అన్నడు. అదే రాసుకున్న."

సుభాషిణి తలెత్తింది.

"ఎట్ల నిలవడి అడిగినవ్ సంతోషీ?"

"ఎదురుంగనే. మీరే చెప్పిన్రు కదా. పెద్దోళ్లను అడిగేటప్పుడు ఎదురుంగ కూసోవాలె, కండ్లల్లకు చూడాలె, ఒక్కొక్క మాట నిదానంగ పలకాలె అని. క్లాసుల మాతోని ప్రాక్టీస్ గూడ చేయించిన్రు."

అవును, చేయించింది. ఆ రోజు ఎంత గర్వపడిందో కూడా సుభాషిణికి గుర్తుంది. అంకెలు మనుషుల నోటినుంచి వస్తాయి, మనుషులతో మర్యాదగా ఉండండి అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. పెదవులు చూసి మాట అందుకునేవాళ్లను, పెదవులు బాగా కనపడేలా పెట్టి, మీకు వినపడుతుందా అని అడిగించింది. వాళ్లు వినపడుతుందనక ఏమంటారు? పిల్లలు వేసిన సగటుల్లో తప్పులేదు. గీసిన గ్రాఫు బొమ్మల్లో తప్పులేదు. అడగడం నేర్పిన చోటే తప్పు జరిగింది, అది నేర్పింది తను.

"ఈ సర్వే చెల్లదు" అంది సుభాషిణి లేస్తూ. "రేపు ఇది చెప్పొద్దు."

సంతోషి మొహం మాడిపోయింది. "అట్లెట్ల మేడమ్? జవాబు మనకు నచ్చినా నచ్చకున్నా రాసుకోవాలె, దాంట్ల మన మనసు కలపొద్దని మీరే చెప్పిన్రు. ఇయ్యాల మీ బాపు సంగతి బైటవడంగనే మొత్తం తప్పంటున్రు. ఇది మనసు కలుపుడు కాదా?"

"సంతోషీ..."

"ఒక్కళ్లను చూసి అందరినీ అనొద్దని గూడ చెప్పిన్రు. ఒక్క తాతకు ఇనవడదు, సరే. మిగిలినోళ్లు?" ఆ పిల్ల ఒకడుగు ముందుకేసింది. "అహ్మదాబాద్ నాకు మళ్ల మళ్ల వస్తదా మేడమ్? మా పప్పా అందరికీ చెప్పుకున్నడు. కొత్త డ్రెస్ గూడ తెచ్చిండు. హవే శుఁ కర్వాను? ఏం చెయ్యమంటరు నన్ను?"

ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేముంది? చెప్పిన పాఠం ముక్క పోకుండా ఒప్పజెప్పింది. పాఠమే సగం చెప్పింది గురువు. ఏం జవాబు వచ్చిందో చూడటం నేర్పింది గాని, ఆ జవాబు ఎలా పుట్టిందో చూడటం నేర్పలేదు. సుభాషిణికి ఆ పిల్ల మొహం చూడాలంటే తలకొట్టేసినట్టయింది.

"నువ్వన్నది కరెక్టే. ఒక్కరితోని ఏం తేలదు" అంది చివరికి. "అందుకే మళ్ల అడగాలె. ముంగటనుంచి కాదు, ఎన్కనుంచి. పెదవులు కనవడకుంట. నాకది మొదటి రోజే తట్టలే. తప్పు నాది, నీది కాదు."

రాజమల్లు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. వేగంగా మాట్లాడుకుంటుంటే ఆయనకు అందడం లేదు. "ఏంది లొల్లి?" అని భార్యను అడిగాడు. స్వరాజ్యం ఆయన ఎదురుగా నిలబడి, గొంతు ఎత్తకుండా, పెదవులతోనే చెప్పింది. పాత కారఖానా పద్ధతి. చూస్తూ చూస్తూ ఆయన మొహంలో రంగు తగ్గిపోయింది.

"వద్దు బిడ్డా" అన్నాడు గబుక్కున కూతురి చెయ్యి పట్టుకుని. "నా పేరు యాడ చెప్పకు. సాంచాల దారం తెగితె చప్పుడు తేడా వస్తది. గది ఇనవడనోన్ని సేట్ ఎందుకుంచుకుంటడు? తెల్లారి లేపేస్తడు. నేను చేతితోని ముట్టుకొని, కండ్లతోని చూసి నెట్టుకొస్తున్న. నేనొక్కన్నే గాదు, గీ గల్లీల..."

అక్కడ ఆగిపోయాడు.

"గీ గల్లీల ఇంకెవరు తాతా?" సంతోషి ముందుకొచ్చింది. "చెప్పు తాతా, ఇంకెవరు?"

ముసలాయన మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. ఆయనకు మాట వద్దంటే అదొక్కటే దారి. ఎవరి పెదవులూ చూడకపోతే చాలు, ఎవరూ ఏమీ అడగనట్టే.

సంతోషి ఆయన్ని ఒక్క క్షణం చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా గబగబా బయటికి నడిచింది. సుభాషిణి వెనకాలే వెళ్లింది.

వాన తగ్గింది. సాంచాలు ఆగి ఉన్నాయి కాబట్టి చూరు నీళ్లు పడే చప్పుడు స్పష్టంగా వినపడుతోంది. ఎదురు వరసలో కారఖానా అరుగు మీద లింగం ఒక్కడే కూచుని, గల్లీ చివరకేసి చూస్తూ బీడీ కాలుస్తున్నాడు. లైట్ వచ్చేదాకా అందరికీ అదే పని. వీపు ఇటువైపు ఉంది.

సంతోషి అతని వెనక, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆగింది.

"పప్పా" అని పిలిచింది.

లింగం బీడీ పొగ వదిలాడు.

"పప్పా!"

అవతల గోడ మీది కాకి లేచిపోయింది. లింగం తల తిరగలేదు. సంతోషి ఒకసారి సుభాషిణి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, కాదని చెప్పండి మేడమ్ అన్న బతిమాలాట ఉంది.

"పప్పా, రాత్రి నేను చదువుకునేటప్పుడు పెద్దగ చదివేదాన్ని గదా. నువ్వు పక్కన కూసోని ఇనేటోనివి గదా. మంచిగ చదువుతున్నవ్ అనేటోనివి గదా." ఆ పిల్ల మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఏం ఇన్నవ్ పప్పా?"

లింగం బీడీ ఆర్పి, అరుగు కింద పారేశాడు.

సంతోషి చున్నీ కొంగు తీసి ముక్కు కిందినుంచి మూతికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చుట్టూ తిరిగి తండ్రి ముందుకొచ్చింది. అతను బిడ్డను చూసి సంబరపడ్డాడు. వానకు తడవకుండా కప్పుకుందనుకున్నాడేమో.

"నాకు అహ్మదాబాద్ వద్దు పప్పా" అంది సంతోషి, చున్నీ తియ్యకుండా. గట్టిగా, సుభాషిణి దాకా వినపడేంత గట్టిగా అంది. "రేపు పోయి అబద్ధం చెప్పి రావాల్నా?"

లింగం కళ్లు ఆమె మూతి కోసం వెతికాయి. దొరకలేదు. ఎప్పుడూ నవ్వే నవ్వే నవ్వాడు.

"ఆఁ, మంచిగనే బిడ్డా" అన్నాడు.

సుభాషిణి చేతిలో ఫోను మోగింది. భాగీరథి బెన్. సాయంత్రంలోగా సంతోషి లెక్కలు, బొమ్మలు అన్నీ పంపించాలని పొద్దున్నే చెప్పింది, అందుకే చేసి ఉంటుంది. ఎత్తితే ఏదో ఒకటి చెప్పాలి. నిజం చెబితే క్యాంపు వస్తుందేమో, దాంతోపాటే ఎవరెవరికి వినపడదో సేట్లకు తెలిసిపోతుంది. తండ్రి పట్టుకున్న చెయ్యి ఇంకా వదలనట్టే ఉంది ఆమెకు. చెప్పకపోతే ఈ పిల్ల రేపు నిలబడి, ఈ గల్లీకి ఏ జబ్బూ లేదని చదివి వస్తుంది. ఏది చేసినా ఎవరో ఒకరు నష్టపోయేలా ఉన్నారు. ఆమె ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సంతోషి వచ్చి ఆ ఫోను తీసుకుంది. అడగలేదు, లాక్కోలేదు, తీసుకుంది. చున్నీ కిందికి దించి, కళ్లు తుడుచుకుని, ఫోను ఎత్తింది.

"మేడమ్, హూఁ సంతోషి బోలుఁ ఛుఁ, సంతోషిని మాట్లాడుతున్న" అంది. "రేపటి సంగతి నేనొకటి చెప్పాలి..."

సరిగ్గా అప్పుడు లైట్ వచ్చింది. గల్లీ రెండు వరసల్లోనూ సాంచాలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. మిగతా మాట ఆ మోతలో కలిసిపోయింది. ఏం చెబుతోంది? ఎవరి పేరు చెబుతోంది? సుభాషిణి చెవులు రిక్కించింది, లాభం లేదు. చిన్నప్పటి విద్య గుర్తొచ్చి, ఆ పిల్ల పెదవులు చూడబోయింది.

సంతోషి గోడవైపు తిరిగి నిలబడింది.